అసలు ఊరు... నకలు పేరు

సన్మాన సభ ఏదైనా సరే, మన దగ్గర వరస ఒకటే. ముందు పూలమాల, తర్వాత శాలువా, ఆ పైన అద్దాల పెట్టెలో బుల్లి వీణ. మంత్రిగారికీ అదే, రిటైరవుతున్న హెడ్మాస్టారికీ అదే. ఇంటికొచ్చాక అది షోకేసులో తాజ్‌మహల్ బొమ్మకీ కొండపల్లి ఎడ్లబండికీ మధ్య సర్దుకుంటుంది. దానికి యాళి ముఖం ఉంటుంది. బిరడాలుంటాయి, మెట్లుంటాయి, తీగలుంటాయి. ఇంట్లో పిల్లలెవరైనా అద్దం జరిపి మీటితే టింగుమంటుంది కూడా. కీర్తన పాడమంటే మాత్రం దానివల్ల కాదు.

ఇంతకీ అది బొబ్బిలి వీణా? బొబ్బిలి వీణ బొమ్మా?

పెట్టె మీద బొబ్బిలి వీణ అనే ఉంటుంది. చేసింది బొబ్బిలి వాళ్లే కావచ్చు. అయినా ఆ పేరు దానికి ఎంతవరకు చెల్లుతుందన్నది ఆలోచించాల్సిన సంగతే. ఎందుకంటే అసలు, నకలు అన్న మాటలకి ఉత్తరాంధ్రలో ఒక్క అర్థం లేదు. విజయనగరంలో ఒకటి, బొబ్బిలిలో ఇంకొకటి, పొందూరులో మరొకటి. మూడు ఊళ్లూ ఒక్క రోజులో చుట్టి రావచ్చు.

కాలి కింద డబ్బా

విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది. ముందురోజు తొలేళ్లు. ఇలాంటి జాతర ఏ ఊళ్లో జరిగినా రాత్రికి ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. స్టేజీ ఎక్కిన గాయకుడు ఘంటసాలలా పాడితే చప్పట్లు, బాలులా పాడితే ఈలలు. అచ్చం అలాగే పాడాడు అన్నదే అక్కడ పెద్ద మెప్పు. ఘంటసాల స్వయంగా సంగీతం నేర్చుకున్న ఊరు విజయనగరం. ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాఠం చెప్పించుకున్నారు. ఆ ఊరి వీధుల్లోనే ఆయన గొంతును అనుకరించి నాలుగు డబ్బులు సంపాదించుకునే వాళ్లని ఎవరూ దొంగలనరు. జూనియర్ ఘంటసాల అని ముద్దుగా పిలుస్తారు.

ఆ స్టేజీ మీదే గిటార్ కుర్రాడి కాలి దగ్గర చూడండి. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దదిగా, ఇనుప డబ్బాలు వరసగా ఉంటాయి. వీటిని ఎఫెక్ట్స్ పెడల్స్ అంటారు. కాలితో నొక్కితే గిటార్ గొంతు మారిపోతుంది. ఒకటి నొక్కితే బావిలోంచి వచ్చినట్టు, ఇంకొకటి నొక్కితే బొంగురుపోయినట్టు వినిపిస్తుంది. ఈ బొంగురు పెడల్ కథ తమాషాగా ఉంటుంది. వాల్వు రేడియోల కాలంలో యాంప్లిఫయర్లకీ వాల్వులే. శక్తికి మించి సౌండు పెంచితే ధ్వని చిరిగిపోయేది. ఇంజినీర్లు దాన్ని లోపం అన్నారు. రాక్ సంగీతం వాయించేవాళ్లు అదే కావాలన్నారు. అంత పెద్ద సౌండు పెట్టకుండానే ఆ చిరుగు తెప్పించేలా జపాన్‌లో 1970ల చివర్లో ఒక పచ్చ డబ్బా చేశారు. దాని పేరు ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్. ట్యూబు అరుపు అన్నమాట! లోపల చూస్తే ఒక చిన్న చిప్, రెండు మూడు డయోడ్లు, కొన్ని కెపాసిటర్లు. రేడియో మెకానిక్ ఎవరికైనా అర్థమయ్యే సర్క్యూటే. ఆ తర్వాత దాన్ని చూసి ఎన్ని కంపెనీలు ఎన్ని డబ్బాలు చేశాయో లెక్కలేదు. చైనా నుంచి వచ్చేవి అసలు ధరలో పదో వంతుకి కూడా దొరుకుతాయి.

నిజానికి మొదటి డబ్బాయే ఒక నకలు. చెడిపోయిన శబ్దానికి నకలు. ఇప్పుడు వస్తున్నవి నకలుకి నకళ్లు. జాతరల సీజన్‌లో మాత్రమే చేతిలో డబ్బు ఆడే కుర్రాడు చౌక డబ్బా కొంటే, ఏ ముఖం పెట్టుకుని తప్పనగలం?

తప్పు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే అమెరికా దాకా వెళ్లాలి. అక్కడ బిల్ ఫినెగన్ అనే ఆయన 1994లో క్లోన్ సెంటార్ అనే పెడల్ అమ్మడం మొదలుపెట్టారు. (పేరే క్లోన్! ఇంగ్లిషులో స్పెల్లింగు వేరు లెండి.) ఎవరూ కాపీ కొట్టకుండా లోపలి సర్క్యూట్ మీద నల్లటి లక్కలాంటి పదార్థం పోసి గడ్డకట్టించేవారు. కొన్నేళ్లకు తయారీ ఆపేశారు. దాంతో పాత డబ్బాల రేటు లక్షల రూపాయలకు ఎక్కింది. ఈలోగా ఎవరో ఆ నల్ల గడ్డని గోకి సర్క్యూట్ బయటపెట్టారు. ఇక ప్రపంచమంతా కాపీలే. చాలా ఏళ్ల పాటు అలా సాగాక, 2024లో బెరింగర్ అనే కంపెనీ చౌక పెడల్ తెచ్చినప్పుడు ఆయన కోర్టుకెక్కారు. ప్రధానంగా గొడవ సర్క్యూట్ గురించి కాదు. తన పెడల్ పేరూ, దాని మీది గుర్రపు మనిషి బొమ్మా వాడుకున్నారని. తర్వాత ఆ చౌక పెడల్ పేరు మారింది. డబ్బా మాత్రం మార్కెట్లోనే ఉంది.

చట్టం చూపు అలా ఉంటుంది. పేటెంటు ఉంటే 20 ఏళ్లు. అది దాటితే పనితనం అందరిదీ. పేరు, గుర్తు మాత్రం సొంతదారువి.

పేరు విషయంలో మనవాళ్లూ తక్కువేం కాదు. ఒకప్పుడు కాలేజీలో గిటార్ పట్టిన కుర్రాళ్లలో చాలామందికి మొదటి గిటార్ కలకత్తా గివ్‌సన్. అమెరికాలో గిబ్సన్ అని గొప్ప కంపెనీ ఉంది. రెండు పేర్లకీ తేడా ఒక్క అక్షరం. కొన్నవాళ్లెవరూ అది అమెరికాదని భ్రమపడలేదు. ఆ ధర చూశాక భ్రమపడే వీలే లేదు.

పొట్టలో చీటీ

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ పాఠాలు చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఫిడేలు నాయుడుగారంటే దక్షిణాదిలో తెలియని ఇల్లు ఉండేది కాదు. ఆ ఫిడేలు మన వాయిద్యమేం కాదు, ఇంగ్లిషువాళ్ల బ్యాండుతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. వాళ్లు నిలబడి గెడ్డం కింద పెట్టుకుంటే మనవాళ్లు కూర్చుని గుండెకీ మడమకీ మధ్య ఆనించారు. శ్రుతి మార్చారు, గమకం నేర్పారు. రెండు తరాలు తిరిగేసరికి ఫిడేలు లేని కచేరీ లేదు. ఇలాంటి అరువుని ఎవరూ నకలు అనరు. తీసుకున్నవాడు దానికి ఏదో ఒకటి కలిపాడు కాబట్టి.

మీ ఇంట్లో తాతల నాటి ఫిడేలు ఉంటే దాని పొట్ట మీది కన్నంలోంచి లోపలికి తొంగిచూడండి. ఒక పసుప్పచ్చ చీటీ, దాని మీద ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ అని పేరు, పదిహేడువందల ఎంతో సంవత్సరం కనిపించవచ్చు. గుండె ఆగినంత పని అవుతుంది. ఇటలీలోని క్రెమోనాలో ఆయన చేసిన ఫిడేళ్లకి ఇప్పుడు కోట్ల ధర. కానీ కంగారు పడక్కర్లేదు. జర్మనీ, బొహీమియాల్లోని ఊళ్లు 19వ శతాబ్దం నుంచి లక్షల ఫిడేళ్లు చేసి, లోపల ఇలాగే ఆ చీటీ అంటించి అమ్మాయి. కొన్నవాళ్లకి తెలుసు, అది స్ట్రాడివేరియస్ చేసింది కాదనీ ఆయన నమూనాలో చేసిందనీ. 1890లో అమెరికా దిగుమతి సరుకు మీద ఏ దేశంలో చేశారో రాసి తీరాలని చట్టం తెచ్చాక, అదే చీటీ కింద జర్మనీలో తయారు అన్న మాట కూడా చేరింది. అసలు పేరు పైన, నిజం కింద!

ఆ చౌక ఫిడేళ్లే లేకపోతే ఇన్ని దేశాల్లో ఇంతమంది పిల్లలు కమాను పట్టి ఉండేవారే కాదు. ఇంకొక సంగతి. 2012లో, 2014లో వచ్చిన రెండు పరిశోధనల్లో పేరున్న వాద్యకారులకి వెలుగు సరిగా చొరని కళ్లద్దాలు పెట్టి పాత ఇటలీ ఫిడేళ్లూ కొత్త ఫిడేళ్లూ ఇచ్చారు. ఏది పాతదో ఏది కొత్తదో వాళ్లు చెప్పలేకపోయారు. పైగా ఎక్కువమంది ఇష్టపడింది కొత్తవాటినే.

అంటే అసలుకి నకలుకి తేడా చెవిలో లేదా? ఫిడేలు మాట సరే. వీణ దగ్గర జవాబు కాస్త వేరు.

దుంగలోంచి దండి

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలుమార్గంలో గజపతినగరం, కోమటిపల్లి దాటితే బొబ్బిలి. పెద్దపులి పెబ్బులై, పెబ్బులి బొబ్బిలి అయిందంటారు. 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు... ఆ కథ అందరికీ తెలిసిందే. ఊరి పక్కనే గొల్లపల్లి. వీణలు చేసేది ఇక్కడి సర్వసిద్ధి కుటుంబాలు. బొబ్బిలి సంస్థానాన్ని స్థాపించిన పెదరాయుడి కాలంలోనే, అంటే పదిహేడో శతాబ్దంలోనే, ఈ పని మొదలైందని ఊరి చరిత్ర.

ఇక్కడో చిన్న పితలాటకం ఉంది. ఇప్పుడు మనం చూస్తున్న వీణకి, 24 మెట్లు కదలకుండా బిగించిన ఈ రూపానికి, తంజావూరు రఘునాథ నాయకుణ్ణి ఆద్యుడిగా చెబుతారు. ఆయన పాలించింది అరవదేశం, రాసింది తెలుగు కావ్యాలు. దాదాపు అదే శతాబ్దంలో అదే రూపం బొబ్బిలిలోనూ వెలిసింది. బొబ్బిలి వీణ తంజావూరుకి నకలు అందామా? తంజావూరు వీణే తెలుగు రాజుది అందామా? ఏ వాయిద్యాన్ని తవ్వినా అడుగున ఇంకో ఊరు బయటపడుతుంది. పనివాడు చూసి నేర్చుకుంటాడు. చూడకుండా నేర్చుకున్నవాడు ఏ వృత్తిలోనూ లేడు.

బొబ్బిలి ప్రత్యేకత ఏకాండి. కుండ, దండి ఒకే పనస దుంగలోంచి తీస్తారు. వేరే చోట్ల, ఒక్కోసారి ఇక్కడ కూడా, కుండ ఒక ముక్క, దండి ఒక ముక్క చేసి అతుకుతారు. అతుకు వీణకి చిన్న దుంగలు చాలు. ఒక ముక్క పాడైతే ఆ ముక్కే పోతుంది. ఏకాండికి అలా కుదరదు. నాలుగడుగుల పైచిలుకు పొడవు, కుండ వెడల్పుకి సరిపడా లావు, మధ్యలో బొడుపు లేని మాను దొరకాలి. దొరికాక ఆరబెట్టాలి. ఆ తర్వాత ఉలి. కుండ లోపలంతా తొలిచి పలచన చేస్తారు. ఎంత పలచన అంటే తట్టి చూసి చెప్పేంత. ఇంకా తీయాలా, ఆపాలా అన్నది చేతివేలు కొట్టిన చప్పుడే చెబుతుంది. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే దుంగ మొత్తం వృథా. అంత కష్టం ఎందుకంటే, తీగ అదురు కుండ నుంచి దండి దాకా అతుకు తగలకుండా నడుస్తుందని. నాదం నిలుస్తుందని వాళ్ల నమ్మకం. పైన మూసే పలక మాత్రం వేరే చెక్కే.

చెక్కపని అయ్యాక మేళం కట్టాలి. మైనంలో బొగ్గుపొడి కలిపి, దండి మీద రెండు గట్లలా పోసి, వాటి మీద ఇత్తడి లేదా కంచు మెట్లు ఒక్కొక్కటే కూర్చోబెడతారు. స్వరస్థానం చెవితో పట్టుకుని, వెంట్రుకవాసి అటూఇటూ జరిపి, అప్పుడు బిగిస్తారు. 24 మెట్లకి 24 సార్లు. ఇది వడ్రంగం తెలిస్తే వచ్చేది కాదు. సంగీతం తెలియాలి, లేదా సంగీతం తెలిసినంత చెవి ఉండాలి.

అద్దాల పెట్టెలోని బుల్లి వీణకి ఈ పని లేదు. దానికీ యాళి ముఖం చెక్కుతారు, దానికీ నగిషీ చేస్తారు. చేతివేళ్లు పట్టని చోట పువ్వులు తీర్చడం తక్కువ పనితనమేమీ కాదు. అయితే పెద్ద వీణ మెట్లు చెవితో కూరుస్తారు, బొమ్మ వీణ మెట్లు కంటితో కూరుస్తారు. రెండు పనులకీ మధ్య అంత దూరం ఉంది.

మరి గొల్లపల్లిలో బొమ్మ వీణలు ఎందుకు చేస్తారంటే, వాటితోనే రోజు గడుస్తుంది కాబట్టి. పెద్ద వీణ వారాల తరబడి పని. కొనేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. వచ్చినవాళ్లు ఒక్క వీణ కొంటే జీవితాంతం ఇంకోటి కొనరు. సన్మానాలు మాత్రం ఏడాది పొడుగునా జరుగుతూనే ఉంటాయి. తన చేతి వస్తువుకి తనే చౌక నకలు చేసుకుని, ఆ డబ్బుతో అసలుని బతికించుకోవడం... పెడల్ కంపెనీలకీ ఈ తెలివి ఉంది. పెద్ద బ్రాండ్లు తమ ఖరీదైన నమూనాకి తామే చవక రకం తెస్తుంటాయి, వేరేవాళ్లు తెచ్చేలోపు.

అయితే కంపెనీ దగ్గర డ్రాయింగు ఉంటుంది. పదేళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టినా డబ్బా అలాగే వస్తుంది. గొల్లపల్లిలో డ్రాయింగు వేలికొసల్లో ఉంది. పదిహేనేళ్ల కుర్రాడు తండ్రి పక్కన కూర్చుని బొమ్మ వీణలే నేర్చుకుంటే, దుంగ తట్టి వినడం ఎప్పుడు నేర్చుకుంటాడు? మేళం ఎవరి దగ్గర పట్టుబడుతుంది? బొమ్మలు చేసి చేసి ఆ ఊరికి అవి దేనికి బొమ్మలో మరుపుకొచ్చే రోజు రాకూడదు. ఈ భయం బయటి కాపీల వల్ల వచ్చింది కాదు. వాటికంటే పెద్దది.

బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు ఉంది. తంజావూరు వీణకీ ఉంది. ఈ చట్టం 1999లో చేశారు, 2003 నుంచి అమల్లోకి వచ్చింది. డార్జిలింగ్ టీ, పోచంపల్లి ఇక్కత్ మొదట్లో పొందినవాటిలో ఉన్నాయి. దీని కింద వేరే ఊరివాళ్లు ఎవరైనా పనస దుంగతో ఏకాండి వీణ చేసుకోవచ్చు. అమ్ముకోవచ్చు. బొబ్బిలి వీణ అనకూడదు, అంతే. కానీ ఇదే చట్టానికి బొబ్బిలిలో చేసిన పెద్ద వీణకీ బొమ్మ వీణకీ తేడా చెప్పమంటే నోరు పెగలదు. పోచంపల్లిదీ అదే తంటా. మగ్గం మీద నేసిన చెంగావి గళ్లని మిల్లు అచ్చొత్తి వదిలితే, పోచంపల్లి డిజైన్ అన్న చిన్న మాటతో అంగడిలో అమ్ముడుపోతోంది. డిజైన్ అన్న ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడండి.

నకలు అనగానే మొహం చిట్లించాల్సిన పనీ లేదు. వీణల మీద ఒకప్పుడు ఏనుగు దంతంతో నగిషీ చేసేవారు. 1986లో మన ఏనుగుల దంతం వ్యాపారాన్ని, 1991లో ఆఫ్రికా దంతం దిగుమతి సరుకునీ చట్టం ఆపేసింది. ఇప్పుడున్నది తెల్ల ప్లాస్టిక్. దంతానికి పచ్చి నకలు. దాని గురించి ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఏనుగులైతే అసలే చేయవు. తంబుర తీసుకోండి. 1970ల చివర్లో బెంగళూరులో రేడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబుర తెచ్చింది. ఇప్పుడు ఫోన్‌లోనే తంబుర మోగుతుంది. శ్రుతి పెట్టుకోవడానికి పిల్లలకి అంతకంటే సుఖమైంది లేదు. తంబురలు చేసే ఇళ్లలో మాత్రం పని తగ్గిపోయింది. రెండూ నిజమే. అదే సంస్థ డిజిటల్ వీణ కూడా చేసింది. మైనం కరుగుతుందన్న బెంగ లేదు, విడదీసి విమానంలో పట్టుకెళ్లొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకి అదే దారి. ఆ వీణ తాను ఏకాండినని ఎక్కడా చెప్పుకోదు. అందుకే దాంతో పేచీ లేదు.

ఆడపిల్లకి వీణ నేర్పిద్దామనుకునే ఇంటికి ఈ తర్కాలతో పనిలేదు, డబ్బుతో పని. అతుకు వీణ తీసుకుంటే తప్పేమీ లేదు. మేళం సరిగా ఉంటే పాఠానికి చాలు. అతుకుది ఏకాండి అని చెప్పి ఏకాండి ధరకి అంటగడితేనే మోసం. కొనేముందు దండి కుండని కలిసే చోట వేలు పెట్టి నెమ్మదిగా రాయాలి. రంగు కింద అతుకు గీత తగులుతుంది. కిందివైపు చెక్క చారలు చూడాలి. ఒకే మాను అయితే చారలు కుండ నుంచి దండిలోకి తెగకుండా సాగుతాయి. వీలైతే పాఠం చెప్పే టీచరుని వెంట తీసుకెళ్లడం ఇంకా మేలు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి కొంటే ఈ మూడింటిలో ఏదీ కుదరదు.

చేప దవడ

బొబ్బిలి నుంచి రాజాం మీదుగా పొందూరు రోడ్డు. రాజాం 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగరంలో ఉంది. విజయనగరం నుంచి రైల్లో వస్తే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం తర్వాత వచ్చే స్టేషన్ ఇదే. వీణ నుంచి పంచెకి దూరం ఎక్కువనిపించవచ్చు. కానీ బొబ్బిలిలో చెవి పట్టుకునే తేడాని ఇక్కడ వేళ్లు పట్టుకుంటాయి.

పొందూరు సన్న ఖద్దరు గాంధీజీని ఆకట్టుకుంది. నిజంగానే చేత్తో ఇంత సన్నగా వడుకుతున్నారా, చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపారని చెబుతారు. అంటే మొదటి అనుమానం ఆయనకే వచ్చిందన్నమాట! కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి ఇక్కడి రకాలు. గింజ మీదున్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేసి, పోగుల్ని వరసలో పెట్టి, చెత్త దులిపేస్తాయి. తర్వాత గింజ తీసి, దూది ఏకి, మెత్తగా ఏకులు చుట్టి అరటి దొప్పలో పెట్టుకుంటారు. దొప్ప చేతిలో పట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. కౌంటు వందకి తగ్గని నూలు ఇలా వస్తుంది. కిలో దూదిలోంచి వంద కిలోమీటర్లకి తగ్గని దారం. పరిస్తే శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం పొలిమేరల దాకా వెళ్తుంది. ఈ వడుకు ముఖ్యంగా పట్టుశాలీ ఇళ్ల ఆడవాళ్లది. అక్కినేని నాగేశ్వరరావు కట్టిన పంచెలు ఈ నూలువే.

ఖద్దరు అంటే ఏమిటో 1956 నాటి చట్టంలోనే ఉంది. మన దేశంలో చేత్తో వడికిన నూలుతో, చేమగ్గం మీద నేసిన బట్ట. రెండు చేతులు, వడికే చెయ్యీ నేసే చెయ్యీ. మిల్లు నూలు తెచ్చి మగ్గం మీద నేస్తే అది చేనేత. మంచి బట్టే, కానీ ఖద్దరు కాదు. అంగట్లో ఈ తేడా చెరిపేయడం చాలా సులువు. 2013లో ఖాదీ మార్క్ నిబంధనలు వచ్చాయి. ఖాదీ పేరు వాడుకుంటోందని ఒక పెద్ద వస్త్ర సంస్థ మీద 2018లో ఖాదీ కమిషన్ 525 కోట్ల రూపాయలకి బొంబాయి హైకోర్టులో దావా వేసింది. ఖద్దరు అన్న మాటకి ఎంత విలువ ఉందో ఆ అంకె చెబుతుంది. వడికిన చేతికి అందులో ఎంత ముడుతోందన్నది ఏ దావాలోనూ తేలే లెక్క కాదు.

మధ్యలో ఇంకో మెట్టు ఉంది. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ ఎక్కువ కదుళ్లున్న రాట్నం కనిపెట్టారు. ఆయన పేరు మీదే అది అంబర్ చరఖా అయింది. పెద్ద కేంద్రాల్లో యంత్రం మీద తయారైన ఏకు తెచ్చి దీని మీద తిప్పితే ఒంటి కదురు కంటే ఎన్నో రెట్లు నూలు వస్తుంది. ఇదీ చట్టప్రకారం ఖద్దరే. పొందూరులోనూ ఈ రకం నేస్తారు. ఇందులో దాపరికం లేదు. కానీ కొండపత్తి లేదు, చేప దవడా లేదు. వీణల్లో అతుకు వీణ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. తక్కువ ధరకి ఎక్కువమందికి పని, ఎక్కువమందికి బట్ట. ఏది ఏదో చెప్పి అమ్మినంతకాలం పేచీ లేదు.

ఇంతకీ తేడా ఎలా పోల్చాలి? వెనకటికి పెద్దలు బట్టని వెలుతురుకు ఎత్తి చూడమనేవారు. చేతినూలు ఎంత సన్నగా ఉన్నా అక్కడక్కడ ఇసుమంత లావవుతుంది, మళ్లీ సన్నబడుతుంది. మనిషి చెయ్యి కాబట్టి. మిల్లు నూలు గీత గీసినట్టుంటుంది. ఈ చిట్కా ఇప్పుడు పూర్తిగా పనిచేయదు. నూలుని కావాలని అక్కడక్కడ లావు చేసే యంత్రాలు మిల్లుల్లో ఉన్నాయి. స్లబ్ నూలు అంటారు. చేతి తడబాటుకి యంత్రం చేసిన నకలు! చిరిగిన శబ్దాన్ని డబ్బాలో పెట్టి అమ్మినట్టే ఇదీ. అయితే పెడల్ నొక్కే కుర్రాడు వాల్వు యాంప్లిఫయర్ వాయిస్తున్నానని ఎవరికీ చెప్పడు. స్లబ్ నూలు చొక్కా మాత్రం చాలాసార్లు ఖద్దరులాంటి మొహం పెట్టుకుని హ్యాంగర్‌కి వేలాడుతుంది.

అందుకే కంటిని నమ్ముకోకుండా, అడిగి తెలుసుకోవడం మేలు. పొందూరులో 1949 నుంచి ఉన్న ఆంధ్రా సన్న ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం దుకాణం ఉంది. పంచె తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఇది ఒంటి కదురుదా, అంబర్‌దా అని. రెండింటి ధర పక్కపక్కన పెట్టి చూస్తే తేడా గట్టిగానే ఉంటుంది. ఆ తేడా పత్తిదీ కాదు, మగ్గానిదీ కాదు. ఎక్కువ భాగం దవడతో దువ్విన గంటలదీ, కదురు దగ్గర కూర్చున్న గంటలదీ. అలా కూర్చునే వాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు వయసు మళ్లినవాళ్లు. వాలుగ చేప ఇంకా దొరుకుతోంది. పక్కన కూర్చుని దువ్వడం నేర్చుకునే పిల్లలే దొరకడం లేదు.